మంచు నిలవని కప్పు

"చూశావా కోడలా, వీధి మొత్తం మీద మన కప్పొక్కటే నల్లగా ఉంది," అంది మా అత్తయ్య గేటు దాకా వెళ్ళి వస్తూ. గొంతులో గర్వం దాచుకోలేదు. నేనప్పుడు పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూడిద తోడుతున్నాను. ఆ పొద్దున అది రెండోసారి. మొదటిసారి ఐదింటికి, అందరూ పడుకుని ఉండగా. ఏడున్నరది ఆఫీసుకి వెళ్ళేముందు, తడిపిన బొగ్గుపొడి పైన కప్పి మధ్యాహ్నం దాకా నిలిచేట్టు వేసేది. పన్నెండున్నరకి ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి మూడోసారి. ఆ తరవాత ఐదింటికి, ఎనిమిదింటికి, పడుకునే ముందు ఇంకోసారి. మొత్తం ఆరు.

కిర్గిజ్ కొండల్లోని మా నరిన్‌లో కప్పు మీద మంచు నిలవకపోతే ఆ ఇంట్లో కోడలు మంచిదని లెక్క. రేకులు నల్లగా బయటపడి, చూరుకి మనిషి చెయ్యంత పొడుగు మంచుకడ్డీలు వేలాడుతుంటే, దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూస్తారు. "కుబాత్ పెళ్ళాం పొయ్యి ఆరనివ్వదమ్మా, ఎంత వెచ్చటి ఇల్లో," అంటుంది మా వీధిలో ఉండే జూరా. వాళ్ళ కప్పు మీద మూరెడు మంచు కూర్చుని ఉంటుంది, పాపం ఆవిడ కోడలు ఆ మాటకి తల దించుకుంటుంది. నేనూ పన్నెండేళ్ళు ఆ పొగడ్తకి మురిసిపోయినదాన్నే. ఎవరైనా మా కప్పు వంక చూస్తే నడుం నొప్పి కాస్త మరిచిపోయేదాన్ని. ఆ మంచుని కరిగిస్తున్నది నేను మోసిన బొగ్గేనని, మా గదుల్లో ఉండాల్సిన వేడి సీలింగు దాటి, అటక దాటి, ఆకాశంలోకి పోతోందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఎవరికీ తెలియదు కూడా. తెలిశాక మాత్రం ఆ పొగడ్త విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

తెలిసింది ఉద్యోగంలో చేరాక. ఇళ్ళలో బొగ్గు వాడకం తగ్గించాలని మా ఊళ్ళో ఒక చిన్న సంస్థ పెట్టారు. ఇంటింటికీ వెళ్ళి, అటక ఎక్కి, కింద ఎంత వేడి ఉంది, పైన ఎంత ఉంది కొలవాలి. సీలింగు మీద ఏముంది, ఎంత మందం ఉంది, గాలి వచ్చే దారులున్నాయా లేదా, తడి ఉందా, అన్నీ రాసుకోవాలి. ఇంజనీరు ఎర్మెక్ లావుపాటి మనిషి. నిచ్చెన కింద పట్టుకుంటాడు. ఎక్కేది నేను. పావురాల రెట్టల్లో, బూజులో, దూలం మీంచి దూలం మీదకి మోకాళ్ళ మీద పాకుతూ నేను పైనుంచి అంకెలు అరుస్తాను, ఆయన కింద నిలబడి రాసుకుంటాడు. రిపోర్టు కింద సంతకం ఆయనది. ఒకసారి అడిగితే నవ్వి, "నీ పేరేముంది బురుల్, నువ్వు కొలిచే అమ్మాయివి కదా," అన్నాడు. నాకు ముప్ఫై ఆరేళ్ళు. అయినా ఆ పని అంటే నాకు ప్రాణం. అటకలో నేనొక్కదాన్నే ఉంటాను. ఎవరికీ చాయ్ పొయ్యక్కర్లేదు. ఇల్లు ఎక్కడ కారుతోందో, ఎక్కడ ఊపిరాడటం లేదో, కాసేపు అలా మోకాళ్ళ మీద కూర్చుంటే నాకే అర్థమైపోతుంది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో నేను బాగా చెయ్యగలను అనిపించిన పని అదొక్కటే, అంటే, ఎవరూ నాకు నేర్పకుండానే ఇంట్లో చేస్తున్నవి కాక.

మంగళవారం నది అవతలి ఊళ్ళో ఒక బడి కొలవడానికి వెళ్ళాం. వచ్చేటప్పుడు వ్యాను మంచులో దిగబడింది. ఇంటికి చేరేసరికి నాలుగైంది. పన్నెండున్నర బొగ్గు వెయ్యలేదు. దారంతా ఆ పొయ్యే గుర్తొస్తూ ఉంది, చంటిపిల్లని ఒంటరిగా వదిలేసి వచ్చినట్టు.

తలుపు తీశాను. మామయ్య తోర్‌లో కూర్చుని ఉన్నారు. గుమ్మానికి ఎదురుగోడ దగ్గర, ఇంటిపెద్ద కూర్చునే చోటు అది. గొర్రెతోలు కోటు, టోపీ, చేతులకి తొడుగులు. పక్కన అత్తయ్య రెండు దుప్పట్లు కప్పుకుని. మా ఆయన కుబాత్ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, పరుపు మీద పడుకుని ఫోను చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళ మా నాజిక్ చేతి తొడుగులతోనే పెన్సిలు పట్టుకుని లెక్కలు చేస్తోంది. బకెట్టులో నీళ్ళ మీద మీగడలా మంచు కట్టింది. పొయ్యి ఆరిపోయి ఎంతసేపయిందో. బొగ్గుబకెట్టు నిండుగా పొయ్యి పక్కనే ఉంది. పిడకలు దాని పక్కన. అగ్గిపెట్టె పొయ్యి గట్టు మీద. ముగ్గురు పెద్దవాళ్ళు ఆ అగ్గిపెట్టెకి నాలుగడుగుల దూరంలో కూర్చుని, చలికి వణుకుతూ, నాకోసం ఎదురుచూస్తున్నారు.

"వచ్చావా మహాతల్లీ," అన్నాడు కుబాత్. "ఎవరి అటకల్లో తిరుగుతున్నావు? నాన్న పొద్దుట్నుంచీ దగ్గుతున్నారు."

"అగ్గిపెట్టె అక్కడే ఉందిగా," అన్నాను. అనకూడదు. నోరు జారింది.

అత్తయ్య నా వంక చూసింది. "మగవాళ్ళు ఇంట్లో ఉండి బూడిద తోడతారా? నాకా నడుము వంగదు. నువ్వు ఉంటావనేగా నిన్ను తెచ్చుకుంది."

నేను కోటు కూడా విప్పకుండా పొయ్యి ముందు కూర్చున్నాను. ఆ సాయంత్రం, గది కాస్త వేడెక్కి అందరూ కోట్లు విప్పాక, కుబాత్ నాజిక్ నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఏదో రాశాడు. మా ఆయన రాజధాని బిష్కెక్‌కి వ్యాను నడుపుతాడు, వెళ్తే మూడు రోజులు రాడు. రాసింది నా ముందు పెట్టాడు. ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాననీ, సోమవారం నుంచి రాననీ నా తరపున రాశాడు. దస్తూరీ కుదురుగా ఉంది. కింద నా పేరు కూడా రాసి, పైన సంతకానికి ఖాళీ వదిలాడు.

"శనివారం నేను వచ్చేసరికి సంతకం పెట్టి ఉంచు. సోమవారం నేనే ఇచ్చి వస్తాను, నువ్వు మొహం చూపించక్కర్లేదు," అన్నాడు. నాకేదో ఉపకారం చేస్తున్నట్టు అతని నమ్మకం. "నేనేం నిన్ను ఉద్యోగం వద్దనడంలేదు బురుల్. పొయ్యి వద్దంటోంది. చలికాలం ఇంట్లో ఒక మనిషి ఉండాలి. అంతేగా?"

"ఇంట్లో మనుషులున్నారు," అన్నాను, మెల్లగా.

"ఏమంటోంది?" అన్నారు మామయ్య అత్తయ్యతో. ఆయన నన్ను నేరుగా అడగరు. నేనూ ఆయనతో నేరుగా మాట్లాడను. పన్నెండేళ్ళలో నేను ఆయన మొహం చూసి అన్న మాటలు "చాయ్ పొయ్యనా మామయ్యా" దాటి లేవు. పేరు పలకను, వీపు చూపించను, ఎదురుగా కూర్చోను. గుమ్మం పక్కన, చాయ్ నీళ్ళు మరిగే సమోవర్ దగ్గర నా చోటు. ఒక్కొక్క గిన్నెలో సగం చాయ్ పోసి అందిస్తాను, మళ్ళీ అడిగితే మళ్ళీ సగం. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు.

"ఏంలేదు. సరేనంటోంది," అంది అత్తయ్య.

ఆఫీసులో నా పనికి ఇంకొకరి సంతకం. ఇంట్లో ఇంకొకరి రాతకి నా సంతకం. ఆ రాత్రి కాగితం మడిచి గౌను జేబులో పెట్టుకున్నాను, కానీ దాని మడత ఒంటికి గుచ్చుకుంటూనే ఉంది.

నిజం చెప్పాలంటే నాకు కోపం కుబాత్ మీద కంటే అటక మీద. ఆ అటక సంగతి నేను శరదృతువులోనే చెప్పాను. బొగ్గు ఎంత వేసినా వేడి నిలవడంలేదని మా ఆయన అప్పుడు తనే పైకి ఎక్కాడు. అటక గోడలో ఉన్న చిన్న గూడుకిటికీకి ప్లాస్టిక్ పట్టా బిగించి మేకులు కొట్టాడు. చూరు కింద సందులన్నిట్లో పాత గుడ్డలు కుక్కాడు. కిందికి దిగి చేతులు దులుపుకుని, "ఇక ఒక్క చీమ కూడా చలిని లోపలికి తేలేదు," అన్నాడు. సీలింగు మీద మాత్రం ఎప్పటిదో రంపపు పొట్టు, బెత్తెడు కూడా లేదు, అలాగే వదిలేశాడు. నేను చెప్పాను, చలి పైనుంచి దిగదు, వేడే పైకి పోతుంది, దుప్పటి కప్పాల్సింది సీలింగు మీద, అటకకి మాత్రం గాలి ఆడాలి, లేకపోతే చెమ్మ నిలుస్తుంది అని. కుబాత్ పడీపడీ నవ్వాడు. "చలికాలంలో కిటికీ తెరుచుకోమంటోంది నా పెళ్ళాం! మీ ఆఫీసువాళ్ళు ఇదా నీకు నేర్పేది?" ఆ మాట వారం రోజులు చుట్టాలందరికీ చెప్పుకుని నవ్వాడు.

నేనే ఎక్కి చేస్తానన్నాను. అప్పుడు అత్తయ్య చేతిలో కత్తి కింద పెట్టి మరీ అంది. "కోడలివి, మామగారి నెత్తి మీద నడుస్తావా? ఆయన తోర్‌లో కూర్చుని ఉంటే, పైన నీ కాళ్ళు?"

"ఊళ్ళో అందరి ఇళ్ళలో ఎక్కుతున్నానుగా అత్తయ్యా."

"అక్కడ నువ్వు జీతగత్తెవి. ఇక్కడ కోడలివి."

ఊరందరి నెత్తి మీదా నడవచ్చు, ఇంట్లో మాత్రం కాదు. డిసెంబరు నెలాఖరుకి తోర్‌కి సరిగ్గా పైన, సున్నం వేసిన సీలింగు మీద గోధుమరంగు మరక ఒకటి మొదలైంది. మొదట రొట్టెముక్కంత. కుబాత్ రేకు పగిలిందన్నాడు, కప్పెక్కి తారు పూశాడు. మరక పళ్ళెమంత అయింది. మళ్ళీ పూశాడు. రేకు పగల్లేదు. మేము ఐదుగురం వదిలే ఊపిరి, సమోవర్ ఆవిరి, ఎండలేక పొయ్యి మీద వేలాడే బట్టల తడి, అంతా పైకి పోయి, బయటికి పోయే దారి లేక, చల్లటి రేకుల అడుగున మంచై అతుక్కుంటోంది. ఎండ కాసిన మధ్యాహ్నం అదే కరిగి కారుతోంది. ఆ మాట చెబితే కుబాత్ చాయ్ పొలమారేలా నవ్వాడు. "విన్నావా అమ్మా, మన ఊపిరే మన నెత్తిన కురుస్తోందట!"

గురువారం ఎండ బాగా కాసింది. కుబాత్ బుధవారం తెల్లారి బిష్కెక్ వెళ్ళిపోయాడు. పన్నెండున్నరకి నేను ఎప్పట్లాగే పరుగెత్తుకొచ్చాను. అత్తయ్య జూరా ఇంట్లో ఉంది, నాజిక్ బళ్ళో. మామయ్య ఒక్కరే తోర్‌లో కూర్చుని చాయ్ తాగుతున్నారు. నేను బొగ్గు వేసి లేస్తుంటే టప్‌మని చప్పుడైంది. ఆయన గిన్నెలో చుక్క పడింది. ఆయన గిన్నె పక్కకి జరిపారు, మనిషి జరగలేదు. ఇంకో చుక్క ఆయన టోపీ మీద పడింది.

తలెత్తి చూశాను. మరక తలుపంత అయింది. దాని మధ్యలో సున్నం ఉబ్బి, కడుపులా కిందికి దిగి ఉంది. చుట్టూ జుట్టుపోగంత పగులు. ఇలాంటిది నేను నవంబరులో ఒక ఇంట్లో చూశాను. అక్కడ నేను చూసేసరికి అది నేల మీద ఉంది, తడిసిన పొట్టు, మట్టి, బల్లచెక్క, అన్నీ కలిసి ఒక మంచాన్ని రెండు ముక్కలు చేశాయి. మంచంలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

బయటికి పరుగెత్తి అత్తయ్యని పిలుచుకురావాలి, ఆవిడ ఆయనకి చెప్పాలి, అదీ పద్ధతి. జూరా ఇల్లు నాలుగు గేట్ల అవతల. ఆ పగులు నేను చూస్తుండగానే ఒక వేలెడు ముందుకి పోయింది.

"మామయ్యా," అన్నాను. "లేవండి. అక్కడ్నుంచి లేచి ఇటు రండి."

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. ఎనభై ఏళ్ళకి దగ్గర పడ్డ మనిషి, గొర్రెలమందలతో కొండల్లో బతికినవాడు. తోర్ నుంచి ఆయన్ని లేవమన్నవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. నేను తల దించలేదు.

"కప్పు పడుతుంది. లేవండి. నేను పైకి వెళ్ళాలి. నడిచేది మీ నెత్తి మీదే, అందుకే లేవమంటున్నాను."

ఆయన నేల మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచారు. గది మొత్తంలో ఆయన కూర్చోవడానికి పొడిగా, ఖాళీగా ఉన్న పరుపు ఒక్కటే, గుమ్మం పక్కన సమోవర్ దగ్గర, నాది. వెళ్ళి దాని మీద కూర్చున్నారు. నేను పరుపులు, బల్ల ఇవతలికి లాగేసి, ఎర్మెక్‌కి ఫోను చేశాను.

"మధ్యాహ్నం రాను. ఒక అటక చూడాలి."

"ఎవరిది?"

"నాది."

"ఇదేం పద్ధతి బురుల్, మొన్నటి బడి రిపోర్టు ఇవాళ పంపాలి."

"కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. రేపు నేనే రాసి పంపుతాను, నా పేరుతో," అని పెట్టేశాను. ఒకసారి గొంతు పెగిలాక ఆపడం కష్టమే.

నిచ్చెన వాకిట్లో గోడకి వేశాను. స్కర్టు కింద కుబాత్ పాంటు తొడుక్కుని ఎక్కాను. గూడుకిటికీ పట్టా మేకులు పీకగానే లోపలి నుంచి కుళ్ళిన చెక్క వాసన, చెమ్మ వాసన మొహానికి కొట్టింది. రేకుల అడుగంతా తెల్లటి మంచు, వేలి మందం. ఎండ తగిలినచోట కరిగి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. పొట్టు పిండితే నీళ్ళు కారేలా ఉంది. తడి దుప్పటి కప్పుకుని చలి పోవాలంటే పోతుందా? నేను ఆరుసార్లు వేసిన బొగ్గు ఆ నీళ్ళని వేడిచెయ్యడానికే సరిపోయింది. చూరు సందుల్లోంచి గుడ్డలు లాగేశాను. అందులో ఒకటి నా పెళ్ళినాటి శాలువా. అటు నుంచి ఇటు గాలి ఒక్కసారి కదిలింది. చల్లటి, పొడి గాలి. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. ఏడుస్తూనే బకెట్లతో తడిపొట్టు తోడి కిందికి పారబోశాను. తోర్ పైన ఉబ్బిన చోట బరువు తీసేశాక సీలింగు దానంతటదే కాస్త పైకి లేచింది.

"అయ్యో! అయ్యో!" కింద అత్తయ్య గొంతు. జూరా ఇంటి నుంచి వస్తూ వాకిట్లో తడిపొట్టు గుట్ట, నిచ్చెన, పైన నన్ను చూసింది. "దిగవే! మీ మామగారు లోపల ఉన్నారే!"

"గుమ్మం దగ్గర ఉన్నారు అత్తయ్యా. వెళ్ళి చూడండి."

ఆవిడ లోపలికి వెళ్ళింది. పైన దూలాల సందుల్లోంచి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఇదేమిటి, మీరు ఇక్కడ కూర్చోవడమేమిటి? కోడలి చోట్లో?"

"అది లేవమంది," అన్నారు మామయ్య. "ఈ గుమ్మం కింద నుంచి ఇంత చలి వస్తుందా? కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఎప్పుడూ ఇంతేనా ఇక్కడ?"

"నలభై ఏళ్ళు కూర్చున్నాను అక్కడ," అంది అత్తయ్య. "మీరు ఎప్పుడూ అడగలేదు."

ఆవిడ నడుము ఎందుకు వంగదో నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఇక సీలింగు మీదకి పొడి దుప్పటి కావాలి. పొట్టు ఆరడానికి వేసవి రావాలి. కిందికి దిగి నేరుగా పెద్దగదిలోకి వెళ్ళి, గోడవార పెట్టె మీద పేర్చిన పరుపుల దొంతర ముందు నిలబడ్డాను. మా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉంటుంది ఆ దొంతర, ఎంత ఎత్తుంటే అంత పరువు. మా ఇంట్లో ఉన్న ఇరవై రెండూ మా అమ్మ కుట్టినవే. రెండు వేసవులు ఉన్ని దువ్వి, కొట్టి, నింపింది. పన్నెండేళ్ళలో వాటి మీద ఎవరూ పడుకోలేదు. పండగలకి దులిపి మళ్ళీ పేర్చడమే, అదీ నా పనే. ఇంట్లో చలికి వణుకుతూ మేము ఇరవై రెండు పరుపుల ఉన్నిని గోడకి అలంకారంగా నిలబెట్టుకున్నాం. కత్తెర తీశాను.

"చుట్టాలొస్తే ఏం చూపిస్తావు?" అంది అత్తయ్య వెనకనుంచి. గొంతులో కోపం ఉంది, కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"కప్పు చూపిస్తాను."

మొదటి పరుపు అడ్డంగా కోయబోతుంటే ఆవిడ కత్తెర లాక్కుంది. "అలా చీల్చకు, బట్ట పాడవుతుంది. కుట్లు విప్పు. ఇటివ్వు," అని కిందే కూర్చుంది. నడుముకి దిండు పెట్టుకుని, ఒక్కొక్క కుట్టూ తెంచుతూ ఉన్ని గోతాల్లోకి తీసింది. మధ్యలో లేచి ఎండబెట్టిన మాచిపత్రి కట్టలు తెచ్చింది, చిమ్మెటలు పట్టకుండా పొరల మధ్య వెయ్యమని. నాకది తట్టనేలేదు.

కిటికీకి మడతలు మడతలుగా కొట్టిన ప్లాస్టిక్ పట్టానే విప్పి సీలింగు చెక్కల మీద పరిచాను, కింది ఆవిరి ఉన్నిలోకి ఎక్కకుండా. పట్టాలో ఏ తప్పూ లేదు, మా ఆయన దాన్ని పెట్టిన చోటే తప్పు. దాని మీద ఉన్ని, జానెడున్నర మందం. పొగగొట్టం చుట్టూ మూరెడు ఖాళీ వదిలి మట్టి, ఇటుకలు పెట్టాను. రెండు వైపులా గాలి ఆడేట్టు చూరు సందులు వదిలేశాను. ఐదింటికి దిగి పొయ్యి దగ్గరికి పరుగెత్తాను, బొగ్గు టైము దాటిందని. లోపల మామయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. మసి చేతులు. బొగ్గు ఎర్రగా రాజుకుని ఉంది.

"పక్కనే కూర్చున్నానుగా," అన్నారు, నా వంక చూడకుండా. "చెయ్యి అందింది, వేశాను."

మిగతా గదుల పైన శుక్రవారం సాయంత్రం పూర్తి చేశాను. శుక్రవారం రాత్రి మంచు కురిసింది. శనివారం పొద్దున్న నేను లేచేసరికి ఏడైంది. పన్నెండేళ్ళలో మొదటిసారి. హడలిపోయి పొయ్యి ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. నాజిక్ దుప్పటి తన్నేసి పడుకుంది. బకెట్టు మీద మంచు లేదు.

పదింటికి జూరా గేటు దగ్గర నుంచే కేకేసింది. "ఏమైందమ్మా మీ ఇంట్లో? పొయ్యి ఆరిపోయిందా? బురుల్ పుట్టింటికి గానీ వెళ్ళిపోయిందా? కప్పు నిండా మంచు కూర్చుంది!"

అత్తయ్య వాకిట్లోకి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని కప్పు వంక చూసింది. అంచు నుంచి అంచు దాకా తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది. చూరుకి ఒక్క కడ్డీ లేదు. ఆవిడ ఏమంటుందో అని నేను తలుపు వెనక నిలబడ్డాను. "లోపలికి రా, చాయ్ తాగుదువుగాని," అంది జూరాతో. "కోటు గుమ్మంలోనే విప్పేసి రా. ఉడికిపోతావు."

వాళ్ళు చాయ్ తాగుతుండగా కుబాత్ వచ్చాడు. వ్యాను దిగుతూనే కప్పు చూసినట్టున్నాడు, బూట్లతోనే లోపలికొచ్చాడు. "పొయ్యి ఆర్పేశావా? నా మీద కోపంతో నాన్నని చంపుతావా?" అంటూ వచ్చి, మధ్యలో ఆగిపోయాడు. మామయ్య తోర్‌లో ఒట్టి చొక్కాతో, దాని చేతులు పైకి మడిచి కూర్చుని ఉన్నారు. పైన సీలింగు మీద మరక అంచులు ఆరి పాలిపోయాయి. కుబాత్ ఒకసారి పొయ్యి ముట్టుకున్నాడు. గోడ ముట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న పరుపుల పెట్టె వైపు చూశాడు. జూరాకి అర్థమై గబగబా లేచి వెళ్ళిపోయింది.

అత్తయ్య జరిగింది చెప్పింది, మామయ్య గుమ్మం దగ్గర కూర్చున్న సంగతి తప్ప. కుబాత్ నిన్నటి నుంచి ఎన్నిసార్లు బొగ్గు వేశారని అడిగాడు.

"రెండుసార్లు," అన్నాను.

చాలాసేపు తల గోక్కున్నాడు. తరవాత అతని మొహం విప్పారింది. మనసు మంచిదే, నేను కాదనను. "అయితే సరే! ఇక నువ్వు ఉద్యోగం మానక్కర్లేదు. రెండుసార్లేగా, పొద్దున్న వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి వేసేసుకో. ఆ కాగితం ఇటివ్వు, చింపేస్తాను." చెయ్యి చాపాడు. ఎంత ఉదారంగా చాపాడో చూస్తే నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. మూడు రోజులు నేను భయంతో మోసిన కాగితం, అతను ఇప్పుడు దయతో చింపేస్తానంటున్నాడు. నా ఉద్యోగం నాకే బహుమానంగా ఇస్తున్నాడు.

జేబులోంచి కాగితం తీశాను. ఇవ్వలేదు. అతను రాసిన వైపు గోడకి పెట్టి, రెండో వైపు అందరికీ కనిపించేట్టు పొయ్యి పక్కన మేకుకి గుచ్చాను. పొద్దున్న, ఎవరూ లేవకముందే రాసి ఉంచుకున్నాను.

కుబాత్ దగ్గరికెళ్ళి పైకే చదివాడు. "పొద్దున్న ఏడింటికి, మామయ్య. సాయంత్రం ఆరింటికి, కుబాత్. కుబాత్ ఊళ్ళో లేని రోజు సాయంత్రం కూడా మామయ్య." తిరిగి నా వంక చూశాడు. "ఇదేంటి? నీ పేరు ఎక్కడా లేదే?"

"ఆరుసార్లున్నప్పుడు అది ఆడదాని పని," అన్నాను. "రెండుసార్లేగా అని నువ్వే అన్నావు. ఆ మాత్రం మీరు వేసుకోలేరా?"

"నాన్న బూడిద తోడతారా?" అన్నాడు, నమ్మలేనట్టు మామయ్య వైపు తిరిగి.

మామయ్య చాయ్ గిన్నె కింద పెట్టారు. ఆయన వేళ్ళ సందుల్లో రెండు రోజుల నాటి మసి ఇంకా పోలేదు, కుబాత్ దాన్ని చూశాడు.

నేను సమోవర్ దగ్గర నా చోట్లో కూర్చుని, మా ఆయన గిన్నెలో చాయ్ నిండుగా, అంచు దాకా పోశాను. "తాగు. వెళ్ళి చేతులకి తొడుగులు వెతుక్కో, సాయంత్రం నీ వంతు," అని, కాగితం వైపు మరోసారి చూశాను. దాని అడుగున ఒక సంతకం ఉంది, నాది.